పాత మినీకి పికప్ పెంచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాత మినీ కారులో పికప్ చాలడం లేదని అనిపించగానే చాలామంది చూపు పెద్ద కార్బురేటర్ మీదికో, వాల్వుల్ని తెరిచే కొత్త కామ్‌షాఫ్ట్ (కామ్) మీదికో పోతుంది. ఆ రెండూ ఇప్పుడే వద్దు. 1959లో ఈ కారు బయటికి వచ్చినప్పుడు దాని 848 సీసీ ఇంజన్ బలం 34 హార్స్‌పవర్, అదీ 5500 ఆర్‌పీఎం దగ్గర. గరిష్ఠ టార్క్ మాత్రం 2900 దగ్గరే వచ్చేసేది. రోజూ నడిపే బండికి కావలసింది ఈ రెండో లెక్క. ఎత్తు ఎక్కేటప్పుడూ, మూడో గేరులో ముందున్న బండిని దాటేటప్పుడూ మనం వాడుకునేది 2000కీ 4000కీ మధ్య ఉన్న బలాన్నే. వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే పదునైన కామ్ వేస్తే ఆ బలం తగ్గి, మనం ఏడాదికోసారి కూడా వెళ్లని 6000 దగ్గర పెరుగుతుంది. రేసులకు బాగుంటుంది కానీ, సిగ్నల్ దగ్గర ఆగి కదిలే బండికి అది శిక్ష.

పైగా ఇన్నేళ్లు తిరిగిన ఇంజన్‌లో ఆ 34 కూడా మిగిలి ఉన్నాయో లేదో ముందు తేల్చుకోవాలి. పోయిన బలాన్ని తిరిగి రాబట్టుకోవడానికి పెద్దగా ఖర్చుండదు, ప్రమాదమూ ఉండదు.

విప్పక ముందే కొలవండి

ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి గేజ్‌తో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకునే గాలి ఒత్తిడి, చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఏదైనా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే రెంటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇంజన్ బోరుకొచ్చి ఉంటే ఇక్కడే ఆగిపోండి. అరిగిన ఇంజన్‌కి ఎంత పెద్ద కార్బురేటర్ పెట్టినా పెరిగేది పొగే.

తర్వాత టాపెట్లు. వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండాల్సిన సందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, 0.012 అంగుళం, అంటే 0.30 మిల్లీమీటర్లు. ఎనిమిది వాల్వులకూ ఒక సులువైన లెక్క ఉంది: పూర్తిగా తెరుచుకున్న వాల్వు సంఖ్యను 9లోంచి తీసేస్తే సర్దవలసిన వాల్వు వస్తుంది. ఎనిమిదోది తెరుచుకుని ఉంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది.

సర్దిన కొన్నాళ్లకే ఎగ్జాస్ట్ వాల్వుల సందు తగ్గుతూ పోతుంటే అది మంచి సూచన కాదు. పాత హెడ్డులో వాల్వు కూర్చునే చోటుకి ఒకప్పుడు పెట్రోలులోని సీసమే రక్షణ. సీసం లేని పెట్రోలుతో గట్టి లోడు మీద నడిపితే ఆ చోటు అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. బలం పెంచితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే ఏ కారణంతో హెడ్డు దించినా ఎగ్జాస్ట్ వైపు గట్టి వాల్వు సీట్లు వేయించేయండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

చేతులు, కళ్లు, మంట

జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టాకే దూరాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కాబట్టి ముక్కుని నమ్ముకోవద్దు.

మినీలో కార్బురేటర్ ఇంజన్‌కి వెనక, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి పైనే ఉంటుంది. ఫ్లోట్ గిన్నెలో నీడిల్ వాల్వు ఇరుక్కుంటే పొంగిన పెట్రోలు కారేది ఆ కాలే ఇనుము మీదే. ఓవర్‌ఫ్లో గొట్టం కిందిదాకా, మానిఫోల్డ్‌కి దూరంగా వెళ్తోందో లేదో మొదటిరోజే చూడండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకి తట్టుకోలేవు, గట్టిపడి పగులుతాయి. ఇథనాల్‌కి సరిపడే గొట్టాలే వేయాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, చేతికి అందేచోట ఉండాలి.

పాత గాస్కెట్లలో, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకేటప్పుడు తడిపి గీకండి. ఆ దుమ్మును నోటితోనూ గాలి గొట్టంతోనూ ఊదొద్దు.

గాలి, పెట్రోలు

ఈ ఇంజన్ హెడ్డుకి మొత్తం ఐదే పోర్టులు. గాలి లోపలికి వెళ్లడానికి రెండు, పొగ బయటికి రావడానికి మూడు. పక్కపక్క సిలిండర్లు రెండేసి ఒక్కో ఇన్లెట్ పోర్టుని పంచుకుంటాయి. ఊపిరి ఆడేదే కష్టంగా కాబట్టి మంచి మానిఫోల్డ్, కాస్త స్వేచ్ఛనిచ్చే సైలెన్సర్, మంచి ఎయిర్ ఫిల్టర్ కలిసి తెచ్చే తేడా రోడ్డు మీద తెలుస్తుంది. రోజువారీ బండికి నా ఓటు ఈ మూడింటికే. గొట్టం మరీ లావుగా వేయకండి. మోత పెరుగుతుంది, కింది ఆర్‌పీఎంలో లాగడం తగ్గుతుంది.

అసలు జాగ్రత్త దీని తర్వాతే. ఎక్కువ గాలి వెళ్తున్నప్పుడు మినీకి ఉండే ఎస్‌యూ కార్బురేటర్‌లో పెట్రోలు ఎంత వెళ్లాలో నిర్ణయించే సూది, అంటే నీడిల్, పాతదే ఉంచితే మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం వేడిగా మండుతుంది. బండి చురుగ్గా ఉన్నట్టే ఉంటుంది, లోపల పిస్టన్ కాలిపోతూ ఉంటుంది. ఫిల్టర్, సైలెన్సర్ మార్చినరోజే నీడిల్ సంగతీ తేల్చుకోవాలి, వచ్చేవారం అనుకోకూడదు. ఇథనాల్ ఉన్న పెట్రోలు దీన్ని ఇంకొంచెం పలచన చేస్తుందని కూడా లెక్కలో ఉంచుకోండి.

ఐడ్లింగ్‌లో సరిచూడటం తేలికే. ఇంజన్ వేడెక్కాక కార్బురేటర్ లోపల ఉండే పిస్టన్‌ని (ఇంజన్ పిస్టన్ కాదు) దాని పక్కనున్న పిన్నుతో ఒక్క మిల్లీమీటరు ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన, ఇంజన్ తడబడి ఆగబోతే పలచన. క్షణం పాటు పెరిగి మళ్లీ మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. కానీ ఇది చెప్పేది ఐడ్లింగ్ సంగతే. లోడు మీద ఎలా ఉందో తెలియాలంటే రోలింగ్ రోడ్ మీద, అంటే రోలర్ల మీద చక్రాలు తిప్పి కొలిచే యంత్రం మీద, కొలిపించాలి. ప్లగ్గు రంగు చూసి చెప్పేసే పద్ధతి సీసం పెట్రోలు రోజుల్లో చెల్లింది. ఇప్పటి పెట్రోలుతో ప్లగ్గు తెల్లగా కనిపించడం మామూలే, దాన్నే నమ్ముకోలేం.

యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు అవుతోందా? పెద్ద కార్బురేటర్ కొనేముందు కార్బురేటర్ పైనుండే డాష్‌పాట్ (ఆయిల్ గిన్నె) మూత తిప్పి చూడండి. అందులో ఆయిల్ లేకపోతే కార్బురేటర్ పిస్టన్ ఒక్కసారిగా లేచి, ఆ క్షణానికి పెట్రోలు చాలదు.

స్పార్కు

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలనుకుంటే ముందు బ్యాటరీ వైపు చూడండి. 1969కి ముందటి మినీల్లో పాజిటివ్ టెర్మినల్ బాడీకి ఎర్తు అయి ఉంటుంది. నెగెటివ్ ఎర్తు కార్లకి చేసిన ఇగ్నిషన్ మాడ్యూల్ అందులో తగిలిస్తే అది అక్కడికక్కడే మాడిపోతుంది. తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కూడా, కాబట్టి ఏడాది చూసి నమ్మకుండా ఏ టెర్మినల్ వైరు బాడీకి వెళ్తోందో చూడాలి. మాడ్యూల్‌కి తగిన కాయిలేనా అన్నదీ చూసుకోండి.

టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్కు పడుతుందన్నది) చూసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం పీకి మూసేయండి. ఐడ్లింగ్‌లో ఎన్ని డిగ్రీలన్నదాని కంటే, పూర్తిగా ముందుకి జరిగాక మొత్తం ఎన్ని అయ్యాయన్నది ముఖ్యం. ఈ ఇంజన్లకి అది సాధారణంగా 28 నుంచి 32 మధ్య ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులు సాగిపోయి ఉంటే ఐడ్లింగ్‌లో అంకె సరిగ్గానే కనిపిస్తుంది, పైన మాత్రం హద్దు దాటుతుంది. గుర్తు పెట్టుకోండి, స్ట్రోబ్ లైటు వెలుగులో తిరిగే పుల్లీ ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ చెయ్యి పెట్టొద్దు, వదులు చొక్కాతో వంగొద్దు.

ఎత్తు ఎక్కేటప్పుడు గలగలమని సన్నటి లోహపు చప్పుడు వస్తే అది నాకింగ్. వెంటనే కాలు తీసి, టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి జరిపి చూడండి. రేడియో పెంచితే తగ్గే చప్పుడు కాదది. తేలిక లోడు మీద స్పార్కుని ఇంకాస్త ముందుకి జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ అక్కర్లేదని తీసిపారేయమనే సలహా మీకు తప్పక ఎదురవుతుంది. రేసు బండికి అది నిజం కావచ్చు. రోజూ నడిపే కారులో దాన్ని తీస్తే ఖర్చయ్యేది మీ పెట్రోలే.

ప్లగ్గుల విషయంలో ఒక చిక్కుంది. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది (వేడిని త్వరగా వదిలించుకునేది), బాష్‌లో పెరిగేకొద్దీ వేడిది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేటప్పుడు అంకె చూసి కొనకండి, పట్టిక చూసి కొనండి.

కామ్ మార్చి తీరాలంటే

మెత్తటి రోడ్ కామ్ ఎంచుకోండి. కొత్త కామ్‌తో ఇంజన్ స్టార్ట్ అయిన వెంటనే ఐడ్లింగ్‌లో వదిలేయకుండా 2000 ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు నడపాలి. కామ్‌కి ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే చుక్కలతోనే, నెమ్మదిగా తిరిగితే అవి చాలవు. మినీలో గేర్లు కూడా ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి. గేర్ల నుంచి రాలిన లోహపు పొడి బేరింగుల దాకా వస్తుంది. పెంచిన ఇంజన్‌కి 5000 కిలోమీటర్లు కాకుండానే ఆయిల్ మార్చండి. డ్రెయిన్ ప్లగ్గుకి అయస్కాంతం ఉన్నది వేసి, ప్రతిసారీ దానికి ఏం అంటుకుందో చూడండి.

బలం పెరిగాక మొదట తెగేవి

పెరిగిన బలం ముందుగా ఇంజన్‌ని ఊపుతుంది. పైన ఇంజన్‌ని బాడీకి కట్టి ఉంచే స్టెడీ బార్ బుష్‌లు అరిగి ఉంటే, ఊగిన ప్రతిసారీ ఎగ్జాస్ట్ గొట్టం మానిఫోల్డ్ జాయింట్ దగ్గర పగులుతుంది. చాలామంది గొట్టాన్ని మళ్లీ మళ్లీ వెల్డింగ్ చేయిస్తారు, బుష్ సంగతి ఎవరూ చూడరు. పాత మోడళ్లలో డ్రైవ్ షాఫ్ట్ లోపలి చివర రబ్బరు కప్లింగులు ఉంటాయి. ఆయిల్ పట్టి మెత్తబడితే అవి చిరుగుతాయి.

బ్రేకులు మాత్రం ఇంజన్ మొదలుపెట్టకముందే చూడాలి. మొదటి మినీలకి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 1961లో 55 హార్స్‌పవర్‌తో మినీ కూపర్ వచ్చినప్పుడు తయారీదారులే ముందు చక్రాలకి డిస్కులు వేయవలసి వచ్చింది. మీ ఇంజన్ ఆ దరిదాపులకి వెళ్తుంటే డ్రమ్ములతో సరిపెట్టుకోకండి. అంత దూరం పోకపోయినా సిలిండర్లు కారుతున్నాయేమో చూసి, హోసులు, బ్రేకాయిలు మార్చి, నాలుగు చక్రాలూ సమంగా పట్టేలా సర్దించాకే ప్లగ్ స్పానర్ చేత పట్టండి. మార్పుల సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం కూడా ఆ వారంలోనే అయిపోవాలి.