డాబా మీద ప్యాకేజ్ ఏసీ పెడుతున్నారా? డక్టు, డ్రెయిన్ పైపు ఇలా వేయించండి

స్ప్లిట్ ఏసీకి ఇంట్లో ఒక యూనిట్, బయట ఒక యూనిట్ ఉంటాయి. ప్యాకేజ్ ఏసీలో కంప్రెసర్, కాయిల్స్, ఫ్యాన్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పెట్టెను డాబా మీద పెడితే చల్లగాలి ఒక డక్టులో (రేకు గొట్టంలో) కిందికి దిగుతుంది, గదుల్లోని గాలి రిటర్న్ డక్టులో తిరిగి పైకి వెళ్తుంది. గ్యాస్, కరెంటు పనులు టెక్నీషియన్‌కే వదిలేయండి. డక్టు, డ్రెయిన్ పనుల దగ్గర మాత్రం మీరు నిలబడి చూసుకోవాలి. వాటిలో తేడా ఉంటే ఫాల్స్ సీలింగ్ వేశాక గానీ బయటపడదు.

1. ముందు స్టాండు ఎత్తు తేల్చండి

అందరూ డక్టుతో మొదలుపెడతారు. నన్నడిగితే నీళ్లు పోయే దారితో మొదలుపెట్టాలి. డ్రెయిన్ రంధ్రం పెట్టె అడుగున ఉంటుంది. దాని కింద ట్రాప్‌కి, అంటే నీళ్లు నిలిచి గాలిని ఆపే యూ ఆకారపు పైపు వంపుకి, సుమారు 150 మి.మీ. చోటు కావాలి. అక్కడి నుంచి పైపుకి ప్రతి మీటరుకీ 10 మి.మీ. వాటం ఇవ్వాలి. నీళ్లు వదిలే చోటు 6 మీటర్ల దూరంలో ఉంటే ఆ వాటానికే 60 మి.మీ. పోతుంది. అందుకే స్టాండు కనీసం అడుగు ఎత్తుండాలి. నేరుగా స్లాబ్ మీద రబ్బరు ముక్కలు వేసి కూర్చోబెడితే ట్రాప్‌కి చోటు దొరకదు. పెట్టెను ఒకసారి ఎక్కించాక మళ్లీ లేపడం ఖర్చుతో కూడిన పని. స్టాండు కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేసి, మట్టం చూడండి. వాలు ఉంటే అది డ్రెయిన్ వైపే ఉండాలి.

2. డక్టు సైజు లెక్క

టన్నుకి దాదాపు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు) గాలి కావాలి. మూడు టన్నులకి 1200. మెయిన్ డక్టులో గాలి నిమిషానికి 800 అడుగుల వేగంతో వెళ్తుందనుకుంటే 1200ని 800తో భాగించండి. ఒకటిన్నర చదరపు అడుగులు వస్తుంది, అంటే 18 × 12 అంగుళాల డక్టు. రిటర్న్‌లో వేగం 600 దాటకుండా చూస్తే 24 × 12 అంగుళాలు అవుతుంది. సీలింగ్‌లో చోటు లేదని రిటర్న్ తగ్గించే మేస్త్రీలు ఉంటారు. ఒప్పుకోకండి. ఫ్యాన్ రొద పెరిగి, గదులు చల్లబడవు. బెడ్‌రూమ్ తలుపులు మూసినప్పుడు గాలి రిటర్న్‌కి చేరాలి కాబట్టి, తలుపు కింద అంగుళం ఖాళీ వదలండి, లేదా గోడలో గ్రిల్ పెట్టించండి.

3. డక్టును ఇంట్లోకి దించడం

వీలుంటే మెట్ల గది గోడలోంచి తీసుకెళ్లండి. స్లాబ్‌కి రంధ్రం అక్కర్లేదు, వానకు కారదు. స్లాబ్ కోయక తప్పకపోతే ఇంజనీరును అడగకుండా కోయనివ్వకండి. ఇంత పెద్ద రంధ్రానికి ఇనప చువ్వలు తెగుతాయి, బీమును అసలు ముట్టుకోకూడదు. రంధ్రం చుట్టూ 150 మి.మీ. ఎత్తున ఇటుక కట్టు కట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, పైన రేకు మూత వేయాలి.

4. బిగింపు, సందులు మూయడం, ఇన్సులేషన్

ఇళ్లకి 24 గేజ్ జీఐ రేకు సరిపోతుంది. పెట్టెకీ డక్టుకీ మధ్య కాన్వాస్ ముక్క వేయాలి, అది కొంచెం వదులుగా ఉండాలి. బిగదీస్తే ఫ్యాన్ వణుకు ఇల్లంతా వినిపిస్తుంది. ప్రతి 2 మీటర్లకి ఒక సపోర్టు పెట్టండి. ప్రతి గదికీ వెళ్లే కొమ్మలో డ్యాంపర్ (గాలిని పెంచే, తగ్గించే రేకు తలుపు) ఉంటే తర్వాత గాలి సర్దుకోవచ్చు. జాయింట్లకి సీలెంట్ పూసి, పైన అల్యూమినియం టేప్ చుట్టాలి. గుడ్డ టేప్ ఎండకి ఊడిపోతుంది. డాబా మీద రిటర్న్‌కి చిన్న సందున్నా మే నెల వేడిగాలి అందులోంచి లోపలికి వస్తుంది. ఇన్సులేషన్ చుట్టకముందే ఫ్యాన్ వేసి, సప్లై జాయింట్ల దగ్గర అగరుబత్తి పట్టుకుని చూడండి. పొగ చెదిరితే లీకే.

డాబా మీద 25 మి.మీ. నైట్రైల్ రబ్బరు, పైన అల్యూమినియం రేకు వేయండి, లేకపోతే ఎండకి ఆ రబ్బరు పగులుతుంది. లోపల 19 మి.మీ. చాలు. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో స్టాండుకి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడటం మేలు.

5. డ్రెయిన్, ట్రాప్

ఎక్కువ ప్యాకేజ్ యూనిట్లలో నీటి ట్రే ఫ్యాన్ గాలి లాగే వైపే ఉంటుంది. పైపు నేరుగా బయటికి పెడితే ఫ్యాన్ ఆ పైపులోంచే గాలిని పీలుస్తుంది. ఎదురుగాలికి నీళ్లు బయటికి రావు. ట్రే నిండి పొర్లి, నీళ్లు డక్టులోకి దిగుతాయి. ఏసీ ఆపగానే ఒక్కసారిగా ధారగా పోతాయి కాబట్టి పైపు బాగానే ఉందనిపిస్తుంది! దీనికి మందు యూ ఆకారపు ట్రాప్.

ట్రే రంధ్రం కన్నా ట్రాప్ బయటి మూతి కనీసం 50 మి.మీ. కిందుండాలి. యూ వంపులో మరో 50 మి.మీ. నీళ్లు నిలవాలి. యూనిట్‌తో వచ్చిన మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. ట్రాప్‌కి ముందు శుభ్రం చేసుకోవడానికి టీ (T ఆకారపు పైపు జాయింట్) పెట్టి మూత బిగించండి. గాలి గొట్టం పెడితే ట్రాప్ తర్వాతే పెట్టాలి, ముందు పెడితే ట్రాప్ దండగ. పైపు సైజు యూనిట్ మూతి కన్నా తగ్గకూడదు. డ్రైనేజీ పైపుకి నేరుగా కలిపితే కంపు గదుల్లోకి వస్తుంది, కాస్త ఎడం వదిలి నీళ్లు పడేలా చేయండి. మొక్కల తొట్టిలోకి వదిలినా మంచిదే. ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకండి, కాయిల్ మీది దుమ్ము, లోహం అందులో ఉంటాయి.

6. పరీక్ష

ట్రాప్‌లో నీళ్లు పోసి నింపి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుండగా ట్రేలో మెల్లగా మరో రెండు లీటర్లు పోయండి. నీళ్లు ఆగకుండా పోవాలి. ఫ్యాన్ ఆపి చేసే పరీక్షకి విలువ లేదు. హైదరాబాద్‌లో ఏప్రిల్ పొడిగాలికి నీళ్లు పెద్దగా రావు. తేమ పెరిగిన జూలైలో టన్నుకి గంటకి లీటరు పైనే రావచ్చు. డ్రెయిన్ లోపం అప్పుడు బయటపడుతుంది కాబట్టి, కాంట్రాక్టరుకి చివరి వాయిదా డబ్బు తొలకరి దాకా ఆపగలిగితే ఆపండి.

చలికాలంలో ట్రాప్ ఎండిపోతుంది. ఏటా మార్చిలో టీ మూత తీసి, బురద కడిగి, నీళ్లతో నింపాకే ఏసీ వేయండి.