అడ్డం వీడియోను నిలువు వీడియోగా మార్చడం ఎలా?

తిరుపతి గంగమ్మ జాతర వస్తే ఎవరి ఫోన్లో చూసినా వేషాల వీడియోలే. కెమెరాతో అడ్డంగా తీసిన వీడియోను రీల్‌గా పెడితే మాత్రం పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో అగ్గిపెట్టెంత బొమ్మ. పట్టీలు తీసేయడం యాప్‌కు చిటికెలో పని. ఏ షాట్‌లో ఎవరిని ఉంచాలో, ఎవరిని వదిలేయాలో మాత్రం మీరే తేల్చుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), అంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. అందులోంచి 9:16 నిలువు ముక్క తీస్తే ఎత్తు అలాగే ఉండి, వెడల్పు సుమారు 608 పిక్సెళ్లకు పడిపోతుంది. మూడింట రెండు వంతులకు పైగా బొమ్మ పోయినట్టే. మిగిలిన ముక్కను 1080×1920కి పెంచితే కాస్త మసకబారుతుంది. 4కేలో (3840×2160) తీసుంటే ఆ బాధ లేదు, ముక్కే 1215 వెడల్పు వస్తుంది. అందుకే జాతరకు బయలుదేరే ముందే కెమెరాను 4కేలో పెట్టుకోండి. మామూలు పోస్టుకైతే 4:5 చాలు, ఫుల్ హెచ్‌డీలోంచి 864 పిక్సెళ్ల వెడల్పు దక్కుతుంది.

ఫోన్లో అయితే ఇన్‌షాట్ అనే ఎడిటింగ్ యాప్‌లో వీడియో తెరిచి, కాన్వాస్‌లో 9:16 ఎంచుకుని, ఫ్రేమ్ నిండేదాకా రెండు వేళ్లతో జూమ్ చేయండి. కంప్యూటర్లో డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్‌ను 1080×1920 చేసి, ఇమేజ్ స్కేలింగ్‌లో 'స్కేల్ ఫుల్ ఫ్రేమ్ విత్ క్రాప్' పెట్టండి. అక్కడే ఉండే 'స్ట్రెచ్' జోలికి పోవద్దు, మనుషులు పుల్లల్లా సాగిపోతారు. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు) వీడియోలో ఎంతుంటే అంతే ఉంచండి.

ఇప్పుడు యాప్ నడిమధ్య ముక్కను పట్టుకుని కూర్చుంటుంది. అసలు పని ఇక్కడే. ఒంటినిండా తెల్లసుద్ద పూసుకున్న బైరాగి వేషం ఎడమ నుంచి కుడికి నడుస్తోందనుకుందాం. వీడియోలో దృశ్యం మారిన ప్రతిచోటా కోసి, వేరే షాట్‌గా విడగొట్టండి. బొమ్మను పక్కలకు జరిపే సెట్టింగ్ పొజిషన్ ఎక్స్. షాట్ మొదట్లో దాని మీద ఒక కీఫ్రేమ్ (ఆ క్షణంలో బొమ్మ ఎక్కడుండాలో చెప్పే గుర్తు), చివర్లో ఇంకొకటి పెట్టండి, మధ్యలో యాప్ దానంతటదే జరుపుతుంది. మనిషిని సరిగ్గా మధ్యలో బిగించకండి, నడిచే వైపు కాస్త ఖాళీ వదలండి. అడుగడుగుకీ కీఫ్రేమ్ పెడితే బొమ్మ ఊగిపోయి చూసేవాళ్లకు తల తిరుగుతుంది. డప్పు వాయించేవాళ్లు వరసగా నిలబడితే అందరినీ ఇరికించాలని చూడకండి. ఒకరి చేతులూ డప్పూ కనబడితే చాలు, మిగతాది చప్పుడే చెబుతుంది. తలమీద సప్పరం (గోపురంలాంటి ఎత్తయిన కట్టడం) మోసేవాళ్ల షాట్లు నిలువు ఫ్రేమ్‌కే పుట్టినట్టుంటాయి, వాటికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడే ఇంటర్వ్యూ అయితే ఇంకో దారుంది. అదే క్లిప్‌ను ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పెట్టి, పై సగంలో ఒకరిని, కింది సగంలో మరొకరిని చూపించండి. ఒక్కో సగం 1080×960. ఫుల్ హెచ్‌డీలోంచి దానికి 1215×1080 ముక్క తీసుకోవచ్చు కాబట్టి స్పష్టత పోదు. ఇద్దరూ మరీ దగ్గరగా కూర్చుంటే మాత్రం పక్కవాళ్ల భుజం కనిపిస్తుంది, కొంచెం జూమ్ చేయాలి.

గుంపు మొత్తం కనబడాల్సిందే అన్న షాట్ ఒకటో రెండో ఉంటాయి. వాటికి కోత వద్దు, వెనకాల అదే బొమ్మను బ్లర్ చేసి వేయండి. వీడియో అంతా బ్లర్‌తో నింపడం మాత్రం నాకు బద్ధకంగానే కనిపిస్తుంది.

పేర్లు, టైటిళ్లు అడ్డం వీడియోలోవి సగం తెగిపోతాయి. కొత్తగా టైప్ చేయండి. అట్టడుగునా కుడి అంచునా యాప్ బటన్లు కప్పేస్తాయి కాబట్టి అక్షరాలు కాస్త పైకే ఉండాలి.

చివరగా ఎంపీ4 ఫైలుగా, హెచ్.264 అనే కుదింపు పద్ధతితో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎవరికైనా వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. ఒరిజినల్ ఫైలును మాత్రం డిలీట్ చేయకండి. రేపు ఎవరో టీవీలో చూస్తామంటే ఆ అడ్డం వీడియోనే కావాలి.