కరెంటు పోయొచ్చినా స్మార్ట్ సామాన్లు మాట వినాలంటే

బల్బులు ఒక కంపెనీవి, ప్లగ్గులు ఇంకో కంపెనీవి, కెమెరా మరోటి. ఆఫర్ ఉన్నప్పుడల్లా ఒక్కోటి కొనేసి, తీరా చూస్తే సగం సామాను యాప్‌లో ఆఫ్‌లైన్ అని కనిపిస్తుంటే బల్బునే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు దానిది కాదు. కరెంటు, వైఫై సరిచేయకుండా ఇంకెన్ని కొన్నా ఇదే గోల.

ముందు కరెంటు సంగతి. మన దగ్గర ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు పెట్టించుకుంటాం గానీ రౌటర్ ఏ లైన్‌లో ఉందో ఎవరూ చూడరు. ఒకవేళ రౌటర్ ఉన్నా, ఫైబర్ వైరు వచ్చే డబ్బా వేరేగా ఉంటే అది ఉండదు. రెండూ ఇన్వర్టర్ మీదే ఉండాలి. అయినా కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతోందా? చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అటు మార్చండి, కరెంటు పోగానే త్వరగా బ్యాటరీకి మారుతుంది. కాకపోతే ఆ మోడ్‌లో ఓల్టేజీ కాస్త తగ్గినా బ్యాటరీ మీదికి పోతుంది, కాబట్టి ఎండాకాలంలో తక్కువ ఓల్టేజీతో సతాయించే ఊళ్లలో బ్యాటరీ ఊరికే దిగిపోతుంది. అలాంటి చోట రౌటర్‌కు విడిగా మినీ యూపీఎస్ పెట్టుకోవడమే నయం. అడాప్టర్ మీద 12 ఓల్టులు అని ఉందో 9 అని ఉందో చూసి కొనండి.

వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల మీద వస్తుంది, చిక్కంతా ఎక్కువగా 2.4 దగ్గరే. చవక ప్లగ్గులు, బల్బులు దాదాపు అన్నీ దాని మీదే పనిచేస్తాయి. రౌటరేమో 2.4, 5 రెండింటికీ ఒకటే పేరు పెడుతుంది, అందుకే సెటప్ మధ్యలో ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో రెండింటికీ వేరే పేర్లు పెట్టి, సామాన్లన్నీ 2.4కి కలపండి. పాత రాతిగోడల ఇళ్లలో 5 ఎలాగూ పక్క గదికి సరిగా పోదు. 2.4కి ఛానల్ (సిగ్నల్ పోయే దారి) 1, 6, 11లో పక్కింటివాళ్లు తక్కువగా వాడేది పెట్టండి. రేపు రౌటర్ మార్చాల్సి వస్తే పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా అవే పెట్టండి, అప్పుడు చాలా సామాన్లు వాటంతటవే కలుస్తాయి, స్టూల్ వేసుకుని ఒక్కో బల్బు రీసెట్ చేసే బాధ తప్పుతుంది.

టైమర్లు, రొటీన్లు (వాటంతటవే జరగాల్సిన పనుల ఆదేశాలు) ఒకే యాప్‌లో ఉంచండి. ఒకే లైటుకు కంపెనీ యాప్‌లో ఒక టైము, అలెక్సాలో ఇంకో టైము పెడితే ఒకటి వేసింది ఇంకోటి ఆర్పుతుంది. కొత్తగా కొనేటప్పుడు మ్యాటర్ (Matter) అనే గుర్తు ఉన్నవి చూడండి. 2022లో వచ్చిన ఈ పద్ధతిలో వేర్వేరు కంపెనీల సామాన్లు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకుంటాయి. రోడ్డు తవ్వుతూ జేసీబీ కేబుల్ తెంపినా, రొటీన్ ఇంట్లోని హబ్‌లోనే (సామాన్లను కలిపి నడిపే డబ్బా) నడిచేదైతే లైటు టైముకు వెలుగుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే స్మార్ట్ బల్బు కన్నా బోర్డు వెనక బిగించే స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ మేలు. నాయనమ్మ పడుకునే ముందు గోడ స్విచ్ బంద్ చేస్తే బల్బుకు కరెంటే అందదు, ఫోన్‌లో ఎంత నొక్కినా లాభం లేదు. మాడ్యూల్ అయితే ఆమె స్విచ్ ఆమెది, మీ ఫోన్ మీది. చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ వైరు కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో అది దొరుకుతుంది.

ఇక మోటారు. భగీరథ నీళ్లు సంపులో పడ్డాక ట్యాంకుకు ఎక్కించే మోటారును మామూలు 10 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించకండి, స్టార్టయ్యేటప్పుడు అది చాలా రెట్లు కరెంటు లాగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) పెట్టించి, దాన్ని కదిలించే కాయిల్‌ను మాత్రమే స్మార్ట్ స్విచ్‌తో నడపండి. కరెంటు పోయి వచ్చాక ఏ స్థితిలో ఉండాలని సెట్టింగ్ ఉంటుంది, మోటారుకు అది కచ్చితంగా ఆఫ్‌లో ఉండాలి. లేదంటే రాత్రి రెండింటికి కరెంటొచ్చి ఖాళీ సంపు మీద మోటారు తిరుగుతుంది. ఇన్ని నిమిషాలకు ఆగిపోవాలనే టైమర్ కూడా స్విచ్‌లోనే ఉండేలా చూసుకోండి, నెట్ మీద ఆధారపడేది వద్దు.

అన్నీ అయ్యాక ఇన్వర్టర్‌తో సహా మెయిన్ ఆఫ్ చేసి, కాసేపాగి వేయండి. ఐదు నిమిషాల తర్వాత కూడా ఏది ఆన్‌లైన్‌లోకి రాలేదో చూసి, ముందు దాని పని పట్టండి.