ఎస్‌జీవోటీ ఎక్కువొచ్చిందా? సీపీకే చేయించారా?

ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టులో ఎర్ర అంకె కనబడగానే మెడికల్ షాపుకెళ్లి లివర్ టానిక్ తెచ్చుకోవడం మన ఊళ్లో మామూలైపోయింది. ముందు ఏది పెరిగింది, దాంతోపాటు ఇంకేం పెరిగింది అన్నది చూడండి.

సమస్య: ఎల్ఎఫ్‌టీలో చూసే ఎంజైములు రెండూ ఎక్కువ: ఎస్‌జీవోటీ (ఏఎస్‌టీ) 150, ఎస్‌జీపీటీ (ఏఎల్‌టీ) 70. బిలిరుబిన్, ఇంకో రెండు ఎంజైములు ఏఎల్‌పీ, జీజీటీ నార్మల్. మనిషి దిట్టంగా ఉన్నాడు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. హెపటైటిస్ టెస్టులు, స్కానింగు, ఫైబ్రోస్కాను (లివర్ గట్టిదనం చూసేది) అన్నీ అయిపోతాయి, లివర్‌లో ఏమీ దొరకదు. ఎందుకంటే ఆ ఎంజైము కండలోంచి వచ్చింది. ఎస్‌జీవోటీ లివర్‌తోపాటు కండల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ ప్రధానంగా లివర్‌దే అయినా కండలోనూ కొంత ఉంటుంది. ఆదివారం జిమ్‌లో లెగ్ డే చేసి సోమవారం పొద్దున్నే ఇంటికొచ్చిన ల్యాబ్ కుర్రాడికి రక్తమిస్తే రిపోర్టు ఇలాగే వస్తుంది. మారథాన్ పరిగెత్తినా, ఇల్లు మారుతూ బీరువాలు మోసినా అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రక్తంలో ఎస్‌జీవోటీ సుమారు 17 గంటల్లో సగానికి పడిపోతుంది, ఎస్‌జీపీటీకి 47 గంటల దాకా పడుతుంది. అందుకే నాలుగైదు రోజులు ఆగి టెస్టు చేయిస్తే రెండూ సమానంగానో, ఎస్‌జీపీటీయే పైనో కనిపిస్తుంది. "ఎస్‌జీపీటీ ఎక్కువ, కాబట్టి లివరే" అని తేల్చేసేది అప్పుడే.

ఏం చేయాలి: శాంపిల్ మిగిలి ఉంటే అందులోనే సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) కలపమని ల్యాబ్‌ని అడగండి. జీజీటీ కండలో ఉండదు కాబట్టి అదీ కావాలి. కొన్ని ప్యాకేజీల్లో ఉండకపోవచ్చు, చూసుకోండి. జీజీటీ నార్మల్ అన్నంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు, తేల్చేది సీపీకే. ఆ తర్వాత పది రోజులు బరువులు, పరుగు మానేయండి. నడక ఫర్వాలేదు. అదే ల్యాబ్‌లో ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ, సీపీకే మూడూ మళ్లీ చేయించండి. అన్నీ కలిసి దిగితే కండే. సీపీకే దిగినా ఎస్‌జీపీటీ దిగకపోతే అప్పుడు లివర్ వైపు వెళ్లండి: అల్ట్రాసౌండ్, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి టెస్టు), యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి టెస్టు). వ్యాయామమే లేని మనిషికి సీపీకే ఎక్కువుంటే స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) వాడుతున్నారేమో చూసి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) చేయించండి. కండలు విపరీతంగా నొప్పెట్టి మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం పది రోజులు ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి.

మిగతా రిపోర్టులు ఇలా ఉండొచ్చు. ఎస్‌జీవోటీ కంటే ఎస్‌జీపీటీ ఎక్కువ, 60-90 మధ్య. పొట్ట, షుగర్ ఉన్నాయి. ఫ్యాటీ లివర్ కావచ్చు. బరువులో 7-10 శాతం తగ్గించడమే అసలు మందు.

ఎస్‌జీవోటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు, జీజీటీ కూడా ఎక్కువ. చాలావరకు మద్యం. "వారానికి ఒక్కసారే" అన్న లెక్కను డాక్టర్ దగ్గర నిజంగా చెప్పండి.

వానాకాలం, జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ, ఎస్‌జీవోటీ ఎక్కువ. డెంగీ టెస్టు చేయించండి, పెయిన్ కిల్లర్లు వద్దు.

ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కటే 2 దగ్గర, ఎంజైములు, హిమోగ్లోబిన్ నార్మల్. చాలావరకు గిల్బర్ట్ (పుట్టుకతో వచ్చే, హాని చేయని తేడా). ఉపవాసాల్లో ఇంకాస్త పెరుగుతుంది, మందు అక్కర్లేదు. ఎదిగే పిల్లల్లో ఏఎల్‌పీ ఎక్కువుంటే అది చాలావరకు ఎముకది. విల్సన్ (లివర్‌లో రాగి పేరుకోవడం), ఆటోఇమ్యూన్ (ఒంటి రక్షణ వ్యవస్థే లివర్‌పై దాడి చేయడం) లాంటి అరుదైన జబ్బులు డాక్టర్‌కి వదిలేయండి.

అంకెలు వేలల్లో ఉన్నా, కళ్లు పచ్చబడినా, టీబీ మందులు వాడుతూ వాంతులు మొదలైనా ఇంట్లో లెక్కలొద్దు. అదే రోజు డాక్టర్‌ని కలిసి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే టెస్టు) చేయించండి. వేసుకుంటున్న మాత్రలన్నీ, తిప్పతీగ కషాయంతో సహా, సంచిలో వేసుకెళ్లండి.