దూరపు గెలాక్సీలో ఆక్సిజన్ ఎంతుందో వర్ణపటం నుంచి లెక్క తీయడం ఎలా?

ఖగోళశాస్త్రంలో హీలియం దాటిన ప్రతి మూలకమూ 'లోహమే'. కెమిస్ట్రీ వాళ్ళు నవ్వినా సరే, ఆక్సిజన్ కూడా ఆ జాబితాలోదే. ఆ లోహాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండేదీ, వర్ణపటంలో గట్టిగా వెలిగేదీ అదే కాబట్టి, నక్షత్రాలు పుట్టే గెలాక్సీల్లో లోహాంశం అంటే ఆక్సిజన్ లెక్కే. ఆక్సిజన్ పరమాణువుల సంఖ్యను హైడ్రోజన్ సంఖ్యతో భాగించి, లాగ్ తీసి, 12 కలుపుతారు. సూర్యుడికి ఇది 8.69.

డేటా కోసం హైదరాబాద్ ఆకాశం మీద ఆధారపడక్కర్లేదు. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళకున్న 48 అంగుళాల టెలిస్కోపు ఇంత మసక వెలుగుకు ఆనదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపులోని నిర్‌స్పెక్ అనే పరారుణ వర్ణపటమాపకం తీసిన వర్ణపటాలు, అంతరిక్ష టెలిస్కోపుల డేటా దాచే మాస్ట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. తార్నాకలో హాస్టల్ గదిలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో పైథాన్, దానికి తోడు ఆస్ట్రోపై (ఖగోళ డేటాకు), పైనెబ్ (వాయువు గీతల లెక్కకు) పెట్టుకుంటే చాలు.

ఫైలు తెరవగానే గీతలు (ఒక్కో మూలకం తన సొంత తరంగదైర్ఘ్యాల్లో వెలిగే సన్నని శిఖరాలు) కొలవడం మొదలుపెట్టకండి. ముందు రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరిస్తున్నందువల్ల వెలుగు ఎంత సాగిందో చెప్పే సంఖ్య) చూసి ఏ గీత ఎక్కడ పడుతుందో కాగితం మీద రాసుకోండి. అసలు తరంగదైర్ఘ్యాన్ని (1 + రెడ్‌షిఫ్ట్)తో గుణిస్తే చాలు. రెడ్‌షిఫ్ట్ 2.3 అయితే హైడ్రోజన్ గీతల్లో హెచ్ ఆల్ఫా 2.17 మైక్రాన్ల దగ్గర, హెచ్ బీటా 1.60 దగ్గర ఉంటాయి. నిర్‌స్పెక్ 5.3 మైక్రాన్ల దాకానే చూస్తుంది కాబట్టి రెడ్‌షిఫ్ట్ 7 దాటితే హెచ్ ఆల్ఫా చేజారినట్టే. ఆ తర్వాత విభేదన శక్తి (పక్కపక్క గీతలను విడదీసి చూపే సామర్థ్యం) చూడండి. ప్రిజమ్‌తో తీసిన వర్ణపటంలో అది సుమారు 100, అందులో హెచ్ ఆల్ఫా, నైట్రోజన్ 6584 (అంటే 6584 ఆంగ్‌స్ట్రాంల దగ్గరి నైట్రోజన్ గీత) కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. విడదీయాలంటే 1000 ఉన్న గ్రేటింగ్ వర్ణపటం కావాలి. ముద్దలోంచి నైట్రోజన్‌ను గణితంతో పిండి తీశామనే వాళ్ళను నమ్మకపోవడమే మంచిది.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. నిర్‌స్పెక్ తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవి, పాఠ్యపుస్తకాల్లోవి గాలిలోవి. హెచ్ ఆల్ఫా గాలిలో 6562.8 ఆంగ్‌స్ట్రాంలు, శూన్యంలో 6564.6. కలిపేస్తే సెకనుకు 80 కిలోమీటర్ల లేని వేగం పుట్టుకొస్తుంది.

గీతలకు గాసియన్ (గంట ఆకారపు) వంపులు అమర్చేటప్పుడు అన్నిటికీ ఒకే రెడ్‌షిఫ్ట్, ఒకే వేగపు వెడల్పు ఇవ్వండి. ఆక్సిజన్ 5007, 4959 గీతల నిష్పత్తి పరమాణు భౌతికశాస్త్రమే ఖాయం చేసిన 2.98 కాబట్టి దాన్ని బిగించేయండి. బిగించకుండా వదిలినప్పుడు 2.5 వచ్చిందంటే తప్పు గెలాక్సీది కాదు, బ్యాక్‌గ్రౌండ్ తీసివేతలో ఉంది. వెనక నక్షత్రాల వెలుగు బలంగా ఉంటే హెచ్ బీటా కింద శోషణ గుంట ఉంటుంది, నక్షత్రాల వెలుగుకు నమూనా అమర్చే పీపీఎక్స్‌ఎఫ్ లాంటి సాధనంతో దాన్ని ముందే పూడ్చాలి. ముడి డేటాను శుద్ధి చేసే పైప్‌లైన్ ఇచ్చే దోష విలువలు తరచూ తక్కువగా ఉంటాయి. గీతలు లేని చోట పిక్సెళ్ళ చెదురు కొలిచి, దానికి తగ్గట్టు దోషాలను పెంచుకోండి.

తర్వాత, నడిమధ్య కృష్ణబిలం వెలిగించిన గెలాక్సీలను పక్కన పెట్టాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. నైట్రోజన్ 6584ను హెచ్ ఆల్ఫాతో భాగిస్తే 0.10, ఆక్సిజన్ 5007ను హెచ్ బీటాతో భాగిస్తే 4.0 వచ్చాయి. లాగ్‌లు −1.0, 0.60. 2003లో కౌఫ్‌మన్ బృందం ఇచ్చిన గీటు ప్రకారం −1.0 దగ్గర హద్దు 0.72. మనది దాని కింద ఉంది కాబట్టి నక్షత్రాల వెలుగే అనుకుని ముందుకు పోవచ్చు.

ఇప్పుడు సూచికలు, అంటే గీతల నిష్పత్తి నుంచి లోహాంశం చెప్పేవి. 2004లో పెటిని, పేగెల్ ఇచ్చిన సూత్రాలు రెండూ ఇప్పటికీ చేతికి అలవాటైనవే:

ఎన్2 (నైట్రోజన్ 6584 ÷ హెచ్ ఆల్ఫాకు లాగ్) సూచిక: 8.90 + 0.57 × (−1.0) = 8.33
ఓ3ఎన్2 సూచిక: 8.73 − 0.32 × లాగ్(4.0 ÷ 0.10) = 8.73 − 0.32 × 1.60 = 8.22

తేడా 0.11. మొదటిదాని చెదురు 0.18, రెండోదానిది 0.14 కాబట్టి రెండూ ఒకే మాట చెబుతున్నట్టే లెక్క. 8.33 అంటే సూర్యుడిలో సుమారు 44 శాతం. ఈ రెండు సూచికల్లో ఒక సుఖం ఉంది: పక్కపక్క గీతలనే భాగిస్తాం కాబట్టి దుమ్ము సవరణ (దారిలో దుమ్ము మింగిన వెలుగును తిరిగి కలపడం) అక్కర్లేదు. నేల మీది టెలిస్కోపుతో హెచ్ ఆల్ఫా ఒక బ్యాండ్‌లో, హెచ్ బీటా ఇంకో బ్యాండ్‌లో తీసినా, స్లిట్‌లో పోయిన వెలుగు భాగహారంలో కొట్టుకుపోతుంది.

ఆర్23 అనే మూడో సూచికకి ఆ సుఖం లేదు. ఆక్సిజన్ 3727, 4959, 5007 మూడూ కూడి హెచ్ బీటాతో భాగించాలి. ముందు దుమ్ము లెక్క: హెచ్ ఆల్ఫా, హెచ్ బీటా నిష్పత్తి దుమ్ము లేకపోతే 2.86. మనకు 3.6 వచ్చిందనుకోండి, ఏ తరంగదైర్ఘ్యంలో దుమ్ము ఎంత వెలుగు మింగుతుందో చెప్పే కాల్జెటి వంపుతో దుమ్ము కొలత ఈ(బి−వి) = 1.97 × లాగ్(3.6 ÷ 2.86), అంటే 0.20. ఇంత కొద్ది దుమ్ముకే 3727ను హెచ్ బీటాతో పోల్చిన విలువ 25 శాతం పెరుగుతుంది. హెచ్ ఆల్ఫా పరిధి దాటిపోయిన చోట హెచ్ గామా (మరో హైడ్రోజన్ గీత), హెచ్ బీటా నిష్పత్తిని దుమ్ము లేనప్పటి విలువ 0.47తో పోల్చాలి. దోషాల హద్దు దాటి 0.47 కంటే ఎక్కువ వస్తే అది దుమ్ము కాదు, ఫ్లక్స్ (గీత వెలుగు పరిమాణం) క్యాలిబ్రేషన్ తప్పు. అక్కడే ఆగి వెనక్కి వెళ్ళండి.

ఆర్23తో అసలు తలనొప్పి వేరే. ఆక్సిజన్ పెరిగేకొద్దీ మొదట ఈ నిష్పత్తి పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది. లోహాలు వాయువును చల్లబరుస్తాయి, చల్లని వాయువులో ఈ గీతలు వెలగలేవు. అందుకే ఒకే విలువకు రెండు జవాబులు. ఏ కొమ్మ మీద ఉన్నారో ఎన్2 చెబుతుంది: −1.1 కంటే పైనుంటే పై కొమ్మ, −1.3 కంటే కిందుంటే కింది కొమ్మ. మధ్యలో పడితే ఆర్23ను వాడకండి.

ఆక్సిజన్ 4363 దొరికితే మాత్రం అదృష్టమే, వాయువు ఉష్ణోగ్రతే నేరుగా తెలిసిపోతుంది. కానీ ఆ గీత బలం 10,000 కెల్విన్ల దగ్గర 5007లో సుమారు 160వ వంతు, 15,000 దగ్గర 50వ వంతు. పైగా హెచ్ గామాకు 23 ఆంగ్‌స్ట్రాంల దూరంలోనే ఉంటుంది. పైనెబ్‌కు దుమ్ము సవరించిన 4363, 5007 నిష్పత్తి, ఎలక్ట్రాన్ల సాంద్రత ఘన సెంటీమీటరుకు 300 ఇస్తే ఉష్ణోగ్రత వస్తుంది. ఒక ఎలక్ట్రాన్ పోయిన ఆక్సిజన్ ఉన్న ప్రాంతానికి దాన్నే వాడకూడదు. 0.7తో గుణించి 3000 కలపాలి, 15,000 ఉంటే 13,500 అవుతుంది. రెండు అయాన్ల (ఒక ఎలక్ట్రాన్ పోయిన ఆక్సిజన్, రెండు పోయిన ఆక్సిజన్) విలువలూ విడిగా తీసి, లాగ్ తీయకముందే కూడాలి. ఇక్కడ జాగ్రత్త: నాయిస్ గుబ్బను 4363 అనుకుంటే ఉష్ణోగ్రత ఎక్కువొచ్చి, ఆక్సిజన్ తక్కువైపోతుంది. గీత బలం మూడు సిగ్మాలకు (దాని దోషానికి మూడు రెట్లకు) తక్కువైతే హద్దుగానే రాయండి, విలువగా కాదు.

దోషాల కోసం ప్రతి ఫ్లక్స్‌నూ దాని దోషం మేరకు కదిలిస్తూ మొత్తం లెక్కను 1000 సార్లు తిప్పండి. దుమ్ము మెట్టు కూడా అందులో ఉండాలి. తర్వాత 16, 50, 84 శాతాల విలువలు తీసుకోండి.

పట్టికలో లోహాంశం పక్కన ఏ సూత్రంతో తీశారో రాసే గడి తప్పకుండా పెట్టండి. 2008లో క్యూలీ, ఎలిసన్ చూపించినట్టు, అవే గెలాక్సీలకు వేర్వేరు సూత్రాల మధ్య తేడా 0.7 దాకా వెళ్తుంది. మీ ఎన్2 విలువలను వేరొకరి ఆర్23 విలువల మీద గీస్తే, గెలాక్సీలు కాలంతో మారినట్టు కనిపించేది సూత్రాల మధ్య తేడాయే కావచ్చు. దూరపు గెలాక్సీల్లో వాయువును వెలిగించే కాంతి మన పక్క గెలాక్సీల్లో కంటే గట్టిది. కాబట్టి రెడ్‌షిఫ్ట్ 2 దాటిన వాటికి వెబ్ 4363 కొలతలతో కట్టిన కొత్త సూత్రాలతోనూ ఒకసారి లెక్క తీసి, పక్క గడిలో వేయండి.