అరిగిపోయిన లెదర్ స్టీరింగ్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

మా నాన్నగారి కారు 2012 మోడల్. ఇంజిన్‌కు ఢోకా లేదు, సీట్లూ బాగానే ఉన్నాయి. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే మాత్రం ఏదో జిగురు తగిలినట్టుండేది. కుడివైపు, గడియారంలో 2 అంకె ఉండే చోట, నలుపు పూర్తిగా పోయి బూడిదరంగు తోలు బయటపడింది. దగ్గరగా చూస్తే దాని మీద సన్నటి గీతలు, పక్కపక్కనే, అన్నీ ఒకే వాలులో. ఆయన కుడిచేతి ఉంగరం ఇన్నేళ్లుగా గీసిన గీతలవి. మన గేర్ కార్లలో ఎడమ చెయ్యి గేర్ మీదికి పోతూ వస్తూ ఉంటుంది, స్టీరింగ్‌ను వదలకుండా పట్టుకునేది కుడి చెయ్యే. ముందుగా అరిగేది కూడా అటువైపే.

పైన కవర్ తొడిగేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది, నిజమే. కానీ వదులైన కవర్ సరిగ్గా మలుపు తిప్పేటప్పుడే చేతికింద జారుతుంది, అది ప్రమాదం. పైగా మా కారులో తోలు ఇంకా గట్టిగానే ఉంది, పోయింది పైపొర మాత్రమే. అలాంటి స్టీరింగ్‌ను ఒక శని, ఆదివారం కేటాయించుకుంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఒక్క మాట ముందే చెబుతాను. ఈ పనిలో ముప్పావు వంతు శుభ్రం చేయడమే. రంగు వేయడం చివర్లో వచ్చే చిన్న పని. జిడ్డు మీద వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా కొద్ది వారాలకే పెచ్చులుగా లేచిపోతుంది.

మెరుస్తోందంటే మురికి పట్టినట్టే

కార్లలో వాడే తోలు మీద సాధారణంగా ఒక రంగు పొర, దాని మీద రంగులేని రక్షణ పొర ఉంటాయి. కొత్త స్టీరింగ్ ఎప్పుడైనా చూడండి, పెద్దగా మెరవదు, మ్యాట్‌గా ఉంటుంది. పాతబడ్డాక నిగనిగలాడుతోందంటే చేతి చెమట, ఒంటి జిడ్డు, హ్యాండ్ క్రీము, బజ్జీలు తిన్న చేతి నూనె, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి తోలు గరుకులో పేరుకున్నాయని అర్థం. ఆ జిడ్డే మెల్లమెల్లగా రక్షణ పొరను మెత్తబరుస్తుంది. 2020 నుంచి దీనికి శానిటైజర్ తోడైంది. చేతిలో ఆల్కహాల్ ఆరకముందే స్టీరింగ్ పట్టుకుంటే అది పైపొరను తినేస్తుంది.

చాలా ఇళ్లలో మొదట చేసేది కాస్త కొబ్బరినూనె రాయడం, లేదంటే నల్ల బూట్ పాలిష్ పట్టించడం. దయచేసి ఆ రెండూ చేయకండి. పైపొర ఉన్నచోట నూనె లోపలికి ఇంకదు, పైనే ఉండి చేతిని జారేలా చేస్తుంది. పైపొర పోయినచోట లోపలికి ఇంకిపోయి, రేపు మీరు వేసే రంగును పట్టనివ్వదు. బూట్ పాలిష్ చెమటకు కరిగి చేతులకూ చొక్కాకూ అంటుకుంటుంది. డ్యాష్‌బోర్డు మెరవడానికి కొట్టే సిలికాన్ స్ప్రే కూడా స్టీరింగ్ దగ్గరికి రానివ్వకండి.

ముందు ఇది తోలో కాదో చూసుకోండి

స్టీరింగ్ లోపలి అంచు వెంట కుట్టు కనిపించకపోతే అది అచ్చు పోసిన ప్లాస్టిక్ ఫోమ్. దానికి ఈ పద్ధతి పనికిరాదు. కుట్టు ఉన్నా అది రెక్సిన్ కావచ్చు. అరిగినచోట చూస్తే తెలిసిపోతుంది. తోలైతే పీచుపీచుగా, నూగు లేచినట్టు ఉంటుంది. రెక్సిన్ అయితే పల్చటి పొరలా ఊడి, కింద గుడ్డ నేత కనిపిస్తుంది. పొరలుగా ఊడుతున్న రెక్సిన్‌ను ఎంత రంగేసినా నిలబెట్టలేం, కొత్తది కుట్టించుకోవడమే మంచిది. హైదరాబాద్‌లోనైతే పుత్లీబౌలి వైపు, విజయవాడలోనైతే ఆటోనగర్‌లో సీట్ కవర్లు కుట్టేవాళ్లను అడగండి. అసలు తోలే అయినా కుట్లు విడిపోయినా, చిరిగి లోపలి ఫోమ్ కనిపిస్తున్నా దారి అదే.

తోలని తేలాక అరిగినచోట ఒక నీటిచుక్క వేసి నిమిషం ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే రక్షణ పొర ఇంకా ఉన్నట్టు, బహుశా శుభ్రం చేస్తే చాలు. నీరు ఇంకి అక్కడ ముదురు మచ్చ పడితే రంగు దాకా వెళ్లాల్సిందే.

కావాల్సినవి

లెదర్ క్లీనర్, మెత్తటి బ్రష్షు (వాడేసిన టూత్‌బ్రష్షైనా సరే), మూడు నాలుగు తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డలు, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్ (నున్నగా రుద్దే గరుకు కాగితం), లెదర్ ఫిల్లర్ (గీతలు పూడ్చే ముద్ద), నీళ్లతో కలిసే రకం లెదర్ రంగు, మ్యాట్ టాప్ కోట్ (రంగు మీద వేసే రక్షణ పొర), సన్న రంధ్రాల స్పాంజి ముక్కలు, గ్లౌజులు, హెయిర్ డ్రయర్. రంగు, ఫిల్లర్, టాప్ కోట్ కలిపి కిట్లుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక స్టీరింగ్‌కు 50 మిల్లీలీటర్ల రంగు సీసా తీసుకుంటే ఇంకా మిగులుతుంది. ఆల్కహాల్ బదులు మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చుకుంటున్నారా? దాని మీద రాసింది చదవండి. కొన్ని రకాల్లో ఆముదం కలుస్తుంది, జిడ్డు తీయాల్సింది పోయి జిడ్డు పూసినట్టవుతుంది.

స్టీరింగ్ విప్పాల్సిన అవసరం లేదు, విప్పకండి కూడా. మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని జోలికి ఇంట్లో వెళ్లకూడదు. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, సీటు మీదా మీటర్ల మీదా పాత దుప్పటి పరిచి, స్టీరింగ్ ఎత్తు మార్చే సదుపాయం ఉంటే మీకు అందే ఎత్తులో పెట్టుకుంటే చెయ్యి అన్నివైపులా తిరుగుతుంది. కారు నీడలో ఉండాలి, తలుపులు తీసి ఉంచాలి. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే స్పాంజి మీదే రంగు ఎండిపోతుంది, ముసురు పట్టిన రోజున ఎంతకీ ఆరదు. శీతాకాలం పొద్దుటి పూట అన్నిటికంటే హాయి.

శనివారం: జిడ్డు వదిలించడం

క్లీనర్‌ను స్టీరింగ్ మీద నేరుగా కొట్టకండి. హారన్, ఆడియో బటన్ల సందుల్లోకి తడి పోతుంది. బ్రష్షు మీద కొట్టుకుని, జానెడు జానెడు చొప్పున గుండ్రంగా, ఒత్తిడి పెట్టకుండా రుద్దండి. మొదటి జానెడులోనే తెల్లగా ఉండాల్సిన నురగ డికాషన్ రంగులోకి తిరిగింది. గుడ్డతో తుడిస్తే తోలు గరుకు మొదటిసారి కనిపించింది. అదే చోట ఇంకోసారి రుద్దితే టీ రంగు, మూడోసారికి లేత పసుపు. గుడ్డకు ఏ రంగూ అంటనంతవరకు చేస్తూనే ఉండాలి. మాకు కుడివైపు ఆరుసార్లు పట్టింది, కింది భాగంలో రెండుసార్లతో సరిపోయింది. కుట్టు దారాల మధ్య మురికి గడ్డకట్టి ఉంటుంది, అక్కడ బ్రష్షును కుట్టు వెంటే నడిపించండి, అడ్డంగా లాగితే దారం నూగు లేస్తుంది.

పూర్తయ్యాక కనీసం రెండు గంటలు ఆరనిచ్చి ఒకసారి వెలుతురులో చూడండి. చాలామంది స్టీరింగ్‌లకు కథ ఇక్కడే ముగుస్తుంది. నలుపు అంతా అలాగే ఉండి మెరుపు ఒక్కటే పోయిందంటే రంగు అక్కర్లేదు, ఇంకేమీ చేయకండి.

రంగు వేయాల్సి వస్తే మాత్రం బటన్లు, ఎయిర్‌బ్యాగ్ మూత, ప్లాస్టిక్ పట్టీల అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. ఓపిక తక్కువైతే ఈ పని రేపటికి వాయిదా వేసుకోండి కానీ టేపు మాత్రం మానకండి. తర్వాత గుడ్డకు ఆల్కహాల్ తడి చేసి, పిండి, స్టీరింగ్ అంతా ఒక్కసారి తుడవండి. ఇది మిగిలిన జిడ్డును తీస్తుంది, పాత పైపొరను కాస్త వదులు చేస్తుంది. గుడ్డకు కొంచెం నలుపు అంటితే కంగారు పడకండి. తలుపులు తీసే ఉంచండి, దగ్గర్లో అగరొత్తి, సిగరెట్ లాంటివి ఉండకూడదు.

ఇప్పుడు 600 నంబర్ వాటర్ పేపర్‌ను పొడిగానే, వేళ్ల కొసలతో తేలిగ్గా తిప్పండి. నూగు లేచిన చోట, గీతలున్న చోట మాత్రమే. స్టీరింగ్ తోలు మందం మహా అయితే ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ. పీచు అణిగి, చెయ్యి పెడితే నున్నగా అనిపిస్తే చాలు, ఆపేయండి. అమెరికా, కెనడా లాంటి చలి దేశాల్లో ఉన్నవాళ్ల కార్లలో వేడెక్కే స్టీరింగ్ ఉంటే ఇంకా జాగ్రత్త, తోలు కిందే వేడిచేసే తీగలు ఉంటాయి.

గీతలు ఇంకా వేలికి తగులుతుంటే ఫిల్లర్ పెట్టాలి. గోడకు లప్పం పెట్టినట్టే, కాకపోతే చాలా పల్చగా. పాత ఏటీఎం కార్డు ముక్కతో ఉంగరం గీతల్లోకి నెట్టి, పైన మిగిలింది గీకేయండి. అరగంట ఆరాక 1000 నంబర్ పేపర్‌తో నున్నగా చేసి, మళ్లీ ఇంకో పల్చటి పొర. ఒకేసారి మందంగా పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది, నెల తర్వాత వేలితో నొక్కితే కుంగుతుంది. మాకు మూడు పొరలకు గీతలు మాయమయ్యాయి.

ఆదివారం: రంగు

నలుపు అంటే అన్ని కార్లకూ ఒకటే నలుపు కాదు. కొన్ని స్టీరింగ్‌లు బొగ్గు రంగులో, కొన్ని కాస్త గోధుమ ఛాయలో ఉంటాయి. అందుకే స్టీరింగ్ వెనకవైపు, కింద, ఎవరి కంటికీ కనపడని చోట బఠాణీ గింజంత రంగు రాసి ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు కనిపిస్తుంది. ఆరాకే నిర్ణయించుకోండి.

నచ్చితే సీసా బాగా కుదిపి, స్పాంజి ముక్క మీద రెండు మూడు చుక్కలు వేసుకుని, ముందు ఒక కాగితం మీద అద్ది, ఆ తర్వాతే తోలు మీద అద్దండి. పులమకండి, అద్దండి. మొదటి పొర చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది, ఎందుకంటే అది మచ్చలు మచ్చలుగా, సగం సగం కనిపిస్తుంది. అలాగే ఉండాలి. హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో, అర అడుగు దూరం నుంచి కదుపుతూ ఒక నిమిషం పెట్టి, పదినిమిషాలు ఆగి రెండో పొర వేయండి. నాలుగైదు పల్చటి పొరలకు రంగు సమంగా పరుచుకుంటుంది. అరిగినచోట మాత్రమే వేస్తే అతుకు తెలుస్తుంది, కాబట్టి చివరి రెండు పొరలు స్టీరింగ్ చుట్టూ వేయండి.

కుట్టు దారం వేరే రంగులో ఉంటే దాని దగ్గర స్పాంజి వాడకండి, సన్నటి పెయింటింగ్ బ్రష్షు తీసుకోండి. దారం మీద చుక్క పడితే తడిగా ఉన్నప్పుడే ఇయర్ బడ్‌తో తీసేయాలి. చిల్లుల డిజైన్ ఉన్న తోలైతే స్పాంజి దాదాపు పొడిగా ఉండాలి, చిల్లుల్లోకి రంగు దిగితే టూత్‌పిక్‌తో అప్పటికప్పుడే తీయండి.

రంగు ఆరిన గంట తర్వాత టాప్ కోట్. రోజూ చేతి రాపిడిని తట్టుకోవాల్సింది ఈ పొరే కాబట్టి ఇక్కడ పొదుపు వద్దు, మూడు పల్చటి పొరలు వేయండి. తప్పనిసరిగా మ్యాట్ రకమే తీసుకోండి, మెరిసే గ్లాసీ రకం జారుతుంది, ఎండలో కళ్లలోకి మెరుపు కొడుతుంది. దాంతోపాటు హార్డెనర్ (పొరను గట్టిపరిచే ద్రవం) చుక్కలు ఇస్తే సీసా మీద రాసిన పాళ్లలో, ఆ పూటకు సరిపడినంతే కలుపుకోండి. చివరి పొర పూర్తిగా గట్టిపడకముందే టేపును మెల్లగా, తోలు నుంచి దూరంగా వాలుగా లాగేయండి.

పది నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరిపోతుంది కాబట్టి బండి తీయబుద్ధి అవుతుంది. కనీసం 24 గంటలు ఆగండి. ఆ తర్వాత కూడా వారం పాటు తడిగుడ్డ, క్లీనర్, శానిటైజర్ తగలనివ్వకండి.

తర్వాత

రెండు వారాలకోసారి నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే జిడ్డు మళ్లీ పేరుకోదు. ఎండలో ఆపినప్పుడు అద్దానికి అట్ట అడ్డం పెట్టండి. దసరాకు బండి పూజ చేసినప్పుడు పసుపు కుంకుమల బొట్టు స్టీరింగ్ తోలు మీద పెట్టకుండా, మధ్యలో ప్లాస్టిక్ మూత మీద పెట్టుకుని, ఆ సాయంత్రమే తుడిచేయండి. లేతరంగు తోలు మీద పసుపు మరక పడితే పోవడం చాలా కష్టం.

మిగిలిన రంగు సీసా మూత గట్టిగా బిగించి, కారు నంబరు, తేదీ రాసి ఇంట్లో చల్లటి చోట పెట్టండి, డిక్కీలో వదిలేయకండి. నాన్నగారు ఉంగరం తీయరు కాబట్టి మేం ఏడాదికోసారి ఆ 2 అంకె దగ్గర మాత్రం శుభ్రం చేసి, ఒక పొర రంగు, ఒక పొర టాప్ కోట్ అద్దుతున్నాం. అరగంట పడుతుంది.