పేగు క్యాన్సర్ రిపోర్ట్‌లో ‘లాస్’ అని ఉంటే ఏం చూడాలి?

ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ అని తేలి రిపోర్ట్ చేతికొస్తే అందరం ముందు స్టేజ్ ఎంతో చూస్తాం. దాంతో పాటు ఎంఎంఆర్ (డీఎన్‌ఏలో తప్పుల్ని దిద్దే వ్యవస్థ) లేదా ఐహెచ్‌సీ (గడ్డ ముక్కకు రంగు వేసి ప్రొటీన్లను చూసే పరీక్ష) అనే మాట కూడా వెతకండి. కనబడకపోతే డాక్టర్‌ని అడగండి, ఏ వయసైనా, ఏ స్టేజ్ అయినా సరే. మామూలుగా ల్యాబ్‌లో దాచి ఉంచిన బయాప్సీ బ్లాక్ (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క) మీదే ఈ పరీక్ష చేస్తారు కాబట్టి దీనికోసం మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవాల్సిన పని ఉండదు.

అందులో నాలుగు పేర్లుంటాయి: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దే ప్రొటీన్లు ఇవి. జీన్ సరిగ్గా పనిచేస్తుంటే ప్రొటీన్ తయారవుతుంది, దానికి రంగు పడుతుంది, అప్పుడు ‘ఇంటాక్ట్’ లేదా ‘రిటైన్డ్’ అని రాస్తారు. రంగు పట్టకపోతే ‘లాస్’. ఆ మాట చూడగానే భయపడిపోతారు, దయచేసి వద్దు. రెండో స్టేజ్‌లో లాస్ ఉన్నవాళ్లకు క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం తక్కువే, 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కదానితో ఇచ్చే కీమో వల్ల వాళ్లకు పెద్దగా లాభం ఉండదు కూడా. నాలుగో స్టేజ్‌లో ఇలాంటివాళ్లకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీని (ఒంట్లోని రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ని ఎదుర్కొనే మందుని) మొదటి మందుగానే ఇవ్వడానికి 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అందుకే ఈ సంగతి కీమో మొదలెట్టేలోపే తేల్చుకోవాలి.

తర్వాత ఏ పేర్ల పక్కన లాస్ ఉందో చూడండి, ఎందుకంటే ఇవి జంటలుగా పోతాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోతే గడ్డలో బీరాఫ్ వి600ఈ అనే జీన్ మార్పు ఉందేమో చూసే పరీక్షో, మిథైలేషన్ (రసాయన ముద్ర పడి ఎంఎల్‌హెచ్1 జీన్ ఆగిపోవడం) పరీక్షో చేయిస్తారు. అవి పాజిటివ్ వస్తే చాలావరకు వంశపారంపర్యం కాదు. అవి నెగెటివ్ అయినా, లేదా ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 పోయినా, పీఎంఎస్2 ఒక్కటే పోయినా లించ్ సిండ్రోమ్ (పేగు క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జీన్ లోపం) ఉందేమోనని జెనెటిక్ కౌన్సెలర్‌ని కలిసి రక్త పరీక్ష చేయించాలి. అది ఉన్నట్టు తేలితే పిల్లలకూ, అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ ఒక్కొక్కరికి ఆ లోపం ఉండే అవకాశం సగానికి సగం. వాళ్లలో ఆ జీన్ లోపం ఉన్నవాళ్లు ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉంటే గడ్డ ముదరకముందే పట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి మొహమాటపడకండి.

కేరాస్, ఎన్‌రాస్ వేరే సంగతి. అవి వేరే జీన్లు, వాటిలో మ్యుటేషన్ (మార్పు) ఉందేమో నాలుగో స్టేజ్‌లో తప్పకుండా చూడాలి. ఉంటే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు మామూలుగా పనిచేయవు.

ఆంకోటైప్ డీఎక్స్ కోలన్ లాంటి ఖరీదైన పరీక్ష ఎవరైనా చెబితే ఆగి ఆలోచించండి. అది 12 జీన్ల ఆర్‌ఎన్‌ఏ కొలిచి, సర్జరీ తర్వాత క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం ఎంతో స్కోర్ ఇస్తుంది, అంతే, కీమో పనిచేస్తుందో లేదో చెప్పదు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ముందు ఎంఎంఆర్ చేయించండి. ‘ఈ స్కోర్ వస్తే ట్రీట్‌మెంట్‌లో ఏం మారుతుంది?’ అని డాక్టర్‌ని సూటిగా అడిగాకే దీనికి డబ్బు కట్టండి.

ఇంకో ఆసుపత్రికి వెళ్తుంటే కాగితాలతో పాటు స్లైడ్లు, బ్లాక్ కూడా అడిగి తీసుకెళ్లండి.